రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లౌరీ

మన ఏ.ఎస్. రావు నగరున నొక గృహస్థునకు మూత్రపిండములో రాయి పుట్టెను. వీపు ప్రక్కనుండి సన్నని మార్గము చేసి, ఆ రాతిని పొడిచేసి తీయవలెనని వైద్యులు నిశ్చయించిరి. శస్త్రచికిత్సకు ముందటి సాయంకాలము మత్తు నిచ్చు వైద్యుడు ఆయన మంచమువద్దకు వచ్చి, వెన్నులో సూదిమందు వేసి దేహము క్రింది భాగమంతయు మొద్దుబాఱునట్లు చేయుట యొక విధమనియు, పూర్తిగా స్మారకము తప్పించి నిద్రపుచ్చుట వేఱొక విధమనియు, ఆయన దేహస్థితికి రెండును తగియే యున్నవనియు చెప్పి, ఆయన యభిప్రాయ మడిగెను. ఆయన ఆ రాత్రి కన్ను మూయలేదు. మెలకువగా నుండి పనిముట్ల చప్పుడు వినవలసి వచ్చునని భయము. నిద్రపోయినచో మరల లేతునో లేవనో యని అంతకు మించిన భయము. తుదకు సూదిమందునే కోరుకొని, సుఖముగా నిల్లు చేరెను గాని, ఆ రాత్రి పడిన సందేహమును నాతో పలుమాఱు చెప్పుకొనుచుండెను.

ఆ సందేహము క్రొత్తది కాదు. మత్తుమందు వలన మనుష్యు డేల చనిపోవును, ఏ మందు మేలు, ఏ విధము మేలు అను ప్రశ్న నూఱేండ్లకు పైబడిన కాలము క్రిందట మన హైదరాబాదు నగరముననే గొప్ప వివాదమై, దాని ప్రతిధ్వని లండను వఱకు వినబడెను. ఆ వివాదమునకు మూలపురుషుడు ఎడ్వర్డు లౌరీ యను వైద్యుడు. మన పేటనుండి తార్నాక మీదుగా కోఠీకి పోవు విద్యార్థులు అచ్చట పెద్ద స్తంభములతో నున్న రెసిడెన్సీ భవనమును చూచియే యుందురు. తరువాతి కాలమున అది స్త్రీల కళాశాల యయ్యెను. లౌరీ యా రెసిడెన్సీకి వైద్యుడుగా నుండెను. ఆయన చరిత్ర మన పిల్లలు తెలిసికొనదగినది.

లౌరీ 1846 వ సంవత్సరమున జన్మించెను. ఇచ్చట నొక వింత యున్నది. ఆ సంవత్సరముననే, అక్టోబరు 16 వ తేదీన, అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు ఆవిరి పీల్పించి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని బహిరంగముగా చూపించిరి. హైదరాబాదు వైద్యపాఠశాలయు ఆ సంవత్సరముననే స్థాపింపబడెను. మత్తుమందు, ఆ పాఠశాల, ఆ బాలుడు మువ్వురును ఒక యీడువారని చెప్పవచ్చును.

మఱుసటి యేడు, 1847 నవంబరులో, ఎడింబరో నగరమున సింప్సను అను వైద్యుడు క్లోరోఫారము మత్తు నిచ్చునని కనిపెట్టి వాడెను. అది ఈథరువలె నెగటుగా నుండదు, మంట నంటుకొనదు, నాలుగు చుక్కలతోనే మత్తు గలుగును. లోకమంతయు దానిని మెచ్చుకొనెను. కాని మూడు నెలలైనను గడవకముందే, 1848 జనవరి 28 వ తేదీన, ఇంగ్లండు దేశపు టుత్తరభాగమున హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి, రెండు మూడు నిమిషములలో ప్రాణము విడిచెను. కాలిగోటికై ప్రాణము! ఆనాటినుండి వైద్యులు రెండు పక్షము లైరి. మందు గుండెను కొట్టి చంపునని లండను వైద్యు లనిరి. కావున చేయి పట్టుకొని నాడి చూచుచుండవలెనని వారి మతము. ఊపిరి నిలిచిన పిమ్మటనే గుండె నిలుచును గాని అంతకు ముందు నిలువదని ఎడింబరో వారనిరి. కావున రొమ్మును పొట్టను చూచుచు ఊపిరిని కనిపెట్టియుండిన చాలునని వారి మతము. ఈ రెండవ మతమునకు గురువు సైము అను శస్త్రవైద్యుడు. లౌరీ ఎడింబరోలో చదివి, ఆ సైమువద్దనే పని నేర్చెను. యౌవనమున గురుముఖమున విన్నది ఆయన యెముకలలో నింకిపోయెను. దానివలన ఆయనకు కలిగిన మేలు గొప్పది, కీడును చిన్నది కాదు.

1872 లో ఇండియా వైద్యసర్వీసులో చేరి ఆయన మన దేశమునకు వచ్చెను. కొంతకాలము లాహోరు వైద్యకళాశాలలో శస్త్రవిద్య బోధించి, 1885 లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా నియమింపబడెను. వైద్యపాఠశాలయు, మూసీయొడ్డున నున్న అఫ్జల్‌గంజు ఆసుపత్రియు ఆయన చేతిక్రిందికి వచ్చెను. ఆ ఆసుపత్రి నేడు లేదు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వఱద దానిని రూపుమాపెను. ఉస్మానియా ఆసుపత్రి అటుపిమ్మట కట్టబడినది.

అఫ్జల్‌గంజున లౌరీ క్లోరోఫారము నిప్పించు పద్ధతి చాల సులభమైనది. రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. మెడకును నడుమునకును బిగువైన బట్ట యుండరాదు. గుడ్డతో చేసిన పొట్లమువంటి టోపీలో కొన్ని చుక్కలు వైచి, గాలి ధారాళముగా చొచ్చునట్లు ముక్కునకు కొంచెము దూరమున పట్టవలెను. రోగి భయపడి ఊపిరి బిగబట్టినచో వెంటనే దూరముగా తీయవలెను. ఏలయన, బిగబట్టినవాడు తరువాత నొక్కసారిగ పెద్దయూపిరి తీసి, మందు నధికముగ మ్రింగును. కంటిని తాకినను ఱెప్ప కదలనపుడు మత్తు చాలునని తెలిసికొని మందు నిలిపివేయవలెను. ఊపిరి గురకగ మాఱినచో దవడను ముందునకు లాగవలెను. మత్తు నిచ్చువాడు కత్తివంక చూడరాదు, నాడిని పట్టరాదు. ఊపిరి, ఊపిరి, ఊపిరి, అదియే ఆయన పాఠము. ఈ పద్ధతిలో వేలకొలది రోగులకు మత్తు నిచ్చి, ఒక్క ప్రాణమైనను పోలేదని ఆయన సగర్వముగ చెప్పుకొనెడివాడు.

ఆ పాఠశాలలో స్త్రీలు చేరినదియు ఆ 1885 లోనే. వారిలో రూపాబాయి ఫర్దూంజీ యను పారసీక కన్య యొకతె. 1889 లో ఆమె పరీక్ష ముగించి, లౌరీవద్ద క్లోరోఫారము నిచ్చు విద్య నేర్చి, అనేక సంవత్సరములు హైదరాబాదు ఆసుపత్రులలో ఆ పనియే చేసెను. 1909 లో ఎడింబరోకు పోయి మఱికొంత చదువుకొని వచ్చెను. మత్తు నిచ్చుటయే తన వృత్తిగా చేసికొన్న స్త్రీలలో ప్రపంచమున ఆమెయే మొదటిదని వైద్యచరిత్ర వ్రాయువారు చెప్పుచుందురు. ఆ కాలమున మన యిండ్లలోని స్త్రీలు పురుషవైద్యుని యెదుట ముసుగు తీయుటకే యిష్టపడకుండిరి. కన్ను మూతపడుటకు ముందు తనపై వంగియున్న ముఖము స్త్రీముఖ మగుట యా రోగిణుల కెంత ధైర్య మిచ్చియుండునో మన పాఠశాలలోని బాలికలు ఊహింతురు గాక. లౌరీ జీవితమున ఆయన వ్రాసిన గ్రంథములకంటె నిదియే శాశ్వతమైన పని యని నా తలంపు.

ఇక వివాదము. లండను వైద్యులు తన మాట నమ్మకపోవుట చూచి, లౌరీ 1888 లో నిజాము ప్రభుత్వముచేత నొక పరిశోధకసంఘము నేర్పాటు చేయించెను. అది మొదటి హైదరాబాదు క్లోరోఫారము సంఘము. కుక్కలకు మందు పీల్పించి చూడగా, ప్రతిదానికిని ఊపిరి ముందు నిలిచి గుండె పిదప నిలిచెను. 1889 ఆరంభమున వైద్యపాఠశాల పట్టప్రదానసభలో లౌరీ యీ సంగతిని ప్రకటించి, ఇక తగవు తీఱినదని చెప్పెను. లండనులో వెలువడు లాన్సెట్ అను వైద్యపత్రిక దానిని చదివి పెదవి విఱిచెను. ఎక్కడి హైదరాబాదు, ఎక్కడి వీథికుక్కలు. ఐరోపాలోని పండితులు ఏండ్లతరబడి చేసిన పరిశోధనలు వీనిచే కొట్టుబడునా యని దాని యభిప్రాయము.

అప్పుడు లౌరీ చేసిన పని చూడుడు. కోపము తెచ్చుకొని యుత్తరములు వ్రాయుచు కూర్చుండలేదు. ఆఱవ నిజామైన మహబూబ్ అలీఖాను గారి యనుమతితో, వేయి పౌనులు ఆ పత్రికవారి వశము చేసి, మీకు నమ్మకమైన వానినే యొకని పంపుడు, వాడే వచ్చి మా కండ్లయెదుట పరీక్షించునని కబురంపెను. ప్రతిపక్షి ఖర్చులు తానే యిచ్చి, ప్రతిపక్షినే న్యాయాధిపతిగ పిలుచుట యెందఱు చేయుదురు? వారు పంపినది సామాన్యుని గాదు. గుండెనొప్పికి ఎమిల్ నైట్రైటు అను మందును 1867 లో మొదట వాడి పేరొందిన లాడరు బ్రంటను పండితుని. ఆయనయు గుండెకే ముప్పు కలదని నమ్మినవాడు.

1889 అక్టోబరులో రెండవ సంఘము పని మొదలుపెట్టెను. లౌరీ అధ్యక్షుడు, బ్రంటను, బాంఫర్డు, రుస్తుంజీ హకీము సభ్యులు. మసి పట్టించిన కాగితమును గుండ్రని పీపాకు చుట్టి, అది తిరుగుచుండగా సన్నని ముల్లు దానిమీద నెత్తుటి యొత్తిడిని, ఊపిరిని గీతలుగ గీయునట్టి యంత్రములు తెప్పించిరి. డిసెంబరులో పని ముగియు నప్పటికి కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి 490 జంతువులపై పరీక్షలు జరిగెను. 120 పరీక్షలు పై యంత్రములతో చేసినవి. ఆ మూగజీవుల లెక్క చదువునపుడు మనస్సు కలుక్కుమనకుండ నుండదు. బ్రంటను తన పూర్వమతమును విడిచి, ముప్పు ఊపిరి యాడకపోవుటవలననో మందు మించుటవలననో గాని, మందు నేరుగా గుండెను నిలుపుట యన్నది లేనేలేదని లండనుకు తంతివార్త నంపెను. మహాపండితుడు తన పొరపాటును పదిమందిలో నొప్పుకొనుట చిన్న సంగతి గాదు. ఐనను, తుదకు చూడగా, పొరపాటని ఆయన విడిచిపెట్టిన దానిలోనే కొంత నిజ ముండెను.

అది యెట్లందురా? 1893 లో గాస్కెల్, షోరు అను కేంబ్రిడ్జి పండితులు ఇద్దఱు, ఒక కుక్క నెత్తుటిని వేఱొక కుక్క తలకు మాత్రమే పాఱునట్లు కూర్చి, మందు మెదడునకు చేరినప్పు డేమగునో, గుండెకు చేరినప్పు డేమగునో వేఱు వేఱుగా పరీక్షించిరి. మందు గుండెపైననే పనిచేసి నెత్తుటి యొత్తిడిని దించునని తేలెను. లౌరీ దాని నంగీకరింపలేదు. లండను ఆసుపత్రులలో నప్పుడప్పుడు సంభవించు మరణములన్నియు మత్తు నిచ్చువాని యజాగ్రత్తవలననే యని ఆయన వాదము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికిని, చేతిలో ప్రాణము పోగా చూచిన వైద్యునికిని ఆ మాట యెట్లుండునో ఆయన తలపోసినట్లు కనబడదు.

ఆయన మొండిపట్టునకు మన సికిందరాబాదు చరిత్రలో మఱియొక నిదర్శనము కలదు. ఆ దినములలోనే రొనాల్డు రాసు అను సైనికవైద్యుడు ఇచ్చట పనిచేయుచు, చలిజ్వరమునకు కారణమైన సూక్ష్మజీవి దోమలో నుండునేమో యని వెదకుచుండెను. నెత్తుటిలో అట్టి జీవియే లేదని లౌరీ వాదించువారిలో నొకడు. 1897 ఆగస్టు 20 వ తేదీన బేగంపేటలో రాసు దోమకడుపులో దానిని కనుగొనెను. లౌరీ కనులయెదుట నున్న నగరముననే లోకమును మార్చిన యా సంగతి జరిగెను.

1901 లో ఆయన క్లోరోఫారమును గూర్చి విద్యార్థులకొఱ కొక గ్రంథము ప్రకటించి, ఆ సంవత్సరముననే యుద్యోగము చాలించి స్వదేశమునకు పోయెను. 1915 లో మరణించెను. ఆయన జీవించియుండగనే, 1911 లో, లెవీ యను పరిశోధకుడు చిక్కుముడి విప్పెను. క్లోరోఫారము మత్తు బాగుగ నెక్కినపుడు కాదు, కొంచెము కొంచెముగ నెక్కుచున్నపుడు, భయముచేతగాని నొప్పిచేతగాని దేహములో పుట్టు అడ్రినలిను అను రసము నెత్తుటిలో కలిసినయెడల, గుండె కొట్టుకొనుట మాని యూరక వణకుట మొదలిడును. అట్లు వణకు గుండె నెత్తురును తోయజాలదు. పిల్లులపై పరీక్షించి ఆయన దీనిని చూపెను. హానా గ్రీనరు మరణమునకు నిదియే కారణమై యుండునని పలువురు తలంచిరి. ఆ బాలిక భయముతో ఏడ్చుచు కుర్చీలో కూర్చుండెను. మందు పీల్చి మూడు నిమిషములైనను కాలేదు.

హైదరాబాదు పరీక్షలలో ఇది కనబడకపోవుటకు కారణము గూడ తెలియుచున్నది. అచ్చట జంతువులకు మందు క్రమముగ మిక్కుటముగ నిచ్చిరి. అట్టిచోట ఊపిరియే ముందు నిలుచుట నిజము. వారు చూచిన దబద్ధము కాదు. చూడనిదానిని లేదనుటయే తప్పు. ఆసుపత్రిలో వేలమందికి ప్రాణాపాయము లేకపోవుట, ఓర్పుతో, గాలి ధారాళముగ నిచ్చుచు, ఊపిరి బిగబట్టనీయక మత్తు నిచ్చుటవలన కలిగిన ఫలము. ఆ నేర్పు ఆయనదే, ఆయన శిష్యులదే. సిద్ధాంతము సగము తప్పైనను చేయి తప్పు చేయలేదు. క్లోరోఫారము మాత్రము ఇరువదవ శతాబ్దము నడిమికి వాడుకనుండి క్రమముగా తొలగిపోయెను.

లౌరీ హైదరాబాదులో నుండగనే మన గృహస్థుని రెండవ మార్గము పుట్టెను. 1898 ఆగస్టు 16 వ తేదీన జర్మనీలోని కీల్ నగరమున ఆగస్టు బీరు అను వైద్యుడు ఒక కూలివాని వెన్నులో కొకైను సూదిమందు వేసి, అతని చీలమండకు నొప్పి లేకుండ చికిత్స చేసెను. రోగికి తెలివి తప్పలేదు. తరువాత తలనొప్పియు వాంతియు మాత్రము వచ్చెను. వారమునకే బీరు తనమీదను తన సహాయునిమీదను ఆ మందును పరీక్షించుకొని, తలనొప్పితో కొన్ని దినములు మంచము పట్టెను. నేటి సూదులు చాల సన్ననివి, మందులు వేఱు. తలనొప్పి యిప్పుడు చాల తక్కువమందికి వచ్చును. లౌరీ వంటివారు క్లోరోఫారమా ఈథరా యని పోరాడుచుండగా, ఊపిరి జోలికి పోకయే నొప్పిని పోగొట్టు మార్గము వేఱొకచోట సిద్ధమగుచుండెను.

ఐనను మూత్రపిండము చికిత్సలో ఊపిరి పేచీ తీఱదు. మూత్రపిండములు ప్రక్కటెముకల దిగువభాగమున నుండును. మనము ఊపిరి తీసినప్పుడెల్ల క్రిందికి జాఱి, విడిచినప్పుడు పైకి లేచును. సన్నని గొట్టము మూత్రమార్గమున పంపి వెలుతురు కిరణముతో రాతిని కాల్చునప్పుడు, రాయి కదలుచుండిన గుఱి తప్పును; అందుచే పూర్తిగ నిద్రపుచ్చి, యంత్రముతో ఊపిరిని చిన్నదిగ, సమముగ నాడించుట కొందఱు వైద్యులకు నచ్చును. రాయి పెద్దదై, పని యెన్ని గంటలు పట్టునో తెలియనపుడును, ప్రక్కటెముకల పైనుండి సూది దూర్చవలసి వచ్చినపుడును నిద్రయే మేలందురు. వెన్నుమందు వేసినచో రోగి తనంతట తానే ఊపిరి తీయును, మాటాడును, దగ్గును. గొంతులో గొట్టము వేయనక్కఱలేదు. లేచిన పిమ్మట కొంతసేపు నొప్పి తక్కువగ నుండును. ఊపిరితిత్తులు చెడిన వృద్ధునకు నది మేలు కావచ్చును. కాని నెత్తుటి యొత్తిడి దిగవచ్చును. మందు పనిచేయు కాలము ముగిసినచో మధ్యలో నిద్రపుచ్చవలసియే వచ్చును. నెత్తురు గడ్డకట్టకుండ మందులు తినువారికిని, వెన్నెముక వ్యాధి గలవారికిని ఆ సూది కొన్నిసార్లు తగదు. బోర్ల పరుండి గంటసేపు కదలకుండ నోర్చుకొనగలమా యనుటయు రోగియే చెప్పవలసిన మాట. మన గృహస్థునకు రాయి చిన్నది, గుండెయు ఊపిరియు గట్టివి. కావుననే వైద్యుడు రెండు దారులును చూపి యడిగెను. అందఱికి నట్లడుగుట కుదరదు.

ఆయన నాతో చెప్పిన తుది సంగతి యిది. సూదిమందు వేసిన పిమ్మట కాళ్లు బరువెక్కి, తనవి కానట్లయ్యెను. బోర్ల త్రిప్పి పరుండబెట్టిరి. భయముచేత ఆయన తన తల దగ్గఱ కూర్చున్న మత్తువైద్యురాలిని (ఆ దినమున కూర్చున్నది స్త్రీ) మాటిమాటికి పలుకరించుచుండెను. ఆమె యోర్పుతో బదులు చెప్పుచునే, ప్రక్కనున్న చిన్న తెరనుండి కన్ను త్రిప్పకుండెను. ఆ తెరమీద పచ్చని గీత యొకటి, అలవలె లేచుచు పడుచుండెనట. అది యేమని యడుగగా, ఆయన విడుచు గాలిలోని బొగ్గుపులుసు వాయువును యంత్రము కొలిచి గీయుచున్నదనియు, ఒక్కొక్క యల యొక్కొక్క యూపిరి యనియు ఆమె చెప్పెను. ఆయన యా యలలను లెక్కపెట్టుచు, నలువది వఱకు వచ్చి, లెక్క తప్పి, మరల మొదటినుండి ప్రారంభించెనట.